మెడిటరేనియన్ క్రూజ్: టూర్ బుక్ చేసుకోకుండా పోర్టుల్లో సొంతంగా తిరగొచ్చా? (అమ్మానాన్నలతో)

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. వచ్చే మే నెలలో అమ్మానాన్నల్ని తీసుకుని క్రూజ్ వెళ్తున్నాం, బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, లివోర్నో, చివిటవెక్కియా, నేపుల్స్ చూసుకుని మళ్ళీ బార్సిలోనాలోనే దిగడం. నాన్నగారికి 68, అమ్మకి 63. ఇద్దరూ బాగానే నడుస్తారు గానీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువుంటే కష్టం. ఓడ వాళ్ళు అమ్మే టూర్ల రేట్లు చూస్తే కళ్ళు తిరిగాయండీ, నలుగురికీ నాలుగు పోర్టులకీ వేసుకుంటే ఇంకో మనిషి క్రూజ్ టికెట్ అంత అయ్యేలా ఉంది. పైగా మా నాన్నగారు ఒకచోట నచ్చితే అరగంట కూర్చుని చూసే మనిషి, జెండా పట్టుకున్న గైడ్ వెనకాల పరిగెత్తమంటే ఆయనకి చూసినట్టే ఉండదు. కానీ మా ఆవిడ మాత్రం ఓడ వెళ్ళిపోతే ఏంటి పరిస్థితి అని ఒకటే భయం. సొంతంగా తిరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కడ ధైర్యంగా దిగొచ్చు ఎక్కడ వద్దు?

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు:
అన్నా, ముందు బ్రోషర్‌లో ఊరి పేరు పక్కన పెట్టి, ఓడ నిజంగా ఎక్కడ ఆగుతుందో మ్యాప్‌లో చూడు. సగం ప్రశ్నలకి జవాబు అక్కడే దొరుకుతుంది. రోమ్ అని రాస్తారు, ఆగేది చివిటవెక్కియాలో, అక్కడ్నించి రోమ్ 70 కిలోమీటర్ల పైన. మన లెక్కలో ఏలూరులో దిగి బెజవాడ చూసి రావడం అన్నమాట. ఫ్లోరెన్స్ అని రాస్తారు, ఆగేది లివోర్నో, అది ఇంకా దూరం. నేపుల్స్ అలా కాదు, ఓడ దిగి రోడ్డు దాటితే ఎదురుగా కాస్తెల్ న్యువో కోట, ఊరు మధ్యలోనే దిగుతావు. అందుకని నేపుల్స్‌కి డబ్బులు పెట్టి టూర్ అస్సలు వద్దు. మార్సెయ్ మధ్యరకం, టెర్మినల్ ఊరికి దూరంగా ఉంటుంది గానీ షటిల్ బస్సులు తిరుగుతుంటాయి. ఆలోచించాల్సినవి రోమ్, ఫ్లోరెన్స్ రెండే.

వైజాగ్‌అలలు:
పెద్దవాళ్ళతో రోమ్ సొంతంగా అంటే నేను వద్దంటాను. నా మాట కొంచెం కటువుగా అనిపించినా చెప్తున్నాను, ఓడ వాళ్ళ టూర్లో వెళ్తే ఆ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేటయినా ఓడ ఆగుతుంది లేదా తర్వాతి పోర్టుకి వాళ్ళే తీసుకెళ్తారు, మనం సొంతంగా వెళ్తే పది నిమిషాలు కూడా ఆగదు. మేం వెళ్ళినప్పుడు డెక్ మీద నుంచి చూశాం, ఒక జంట ఓడ ఆగే గట్టు మీద పరిగెత్తుకుంటూ వస్తున్నారు, అప్పటికే తాళ్ళు విప్పేశారు, ఓడ రెండు మూడు మీటర్లు జరిగింది. ఆ పెద్దావిడ అక్కడే బ్యాగ్ మీద కూలబడిపోయింది. ఆ సీన్ చూశాక మా అమ్మగారు మిగతా పోర్టుల్లో ఓడ కనపడేంత దూరం దాటి రానని కూర్చున్నారు. డబ్బులు మళ్ళీ సంపాదించుకోవచ్చండీ.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు:
అలలు గారూ మీరు చెప్పింది నిజమే, ఓడ ఆగదు. కానీ ఓడ మిస్సయ్యేవాళ్ళు చాలావరకు చివరి ట్రైన్ లెక్క వేసుకున్నవాళ్ళే. నేను లెక్క వెనక నుంచి వేస్తాను. ఓడ 7 గంటలకి కదులుతుందంటే అందరూ ఎక్కేసి ఉండాల్సిన టైమ్ మామూలుగా అరగంట ముందు, కొన్నిసార్లు గంట ముందు, అది ఓడ వాళ్ళు రోజూ ఇచ్చే షీట్‌లో ఉంటుంది. 6:30 అనుకుంటే 4:30కి నేను చివిటవెక్కియా స్టేషన్లో దిగి ఉండాలి. అంటే రోమ్‌లో మూడు, మూడుంబావుకి ట్రైన్ ఎక్కాలి. ఆ ట్రైన్ క్యాన్సిల్ అయినా తర్వాతది ఉంటుంది, అదీ పోతే ముగ్గురు నలుగురు కలిసి ట్యాక్సీ మాట్లాడుకునే టైమ్ ఇంకా చేతిలో ఉంటుంది. రోమ్‌లో ఇంకో గంట చూద్దాం అనిపించినా సరే లేచి వచ్చేయాలి, అంత నిక్కచ్చిగా ఉండగలిగితేనే సొంతంగా వెళ్ళండి, లేకపోతే అలలు గారి మాటే వినండి.

ఇంకోటి, ఫోన్లో టైమ్‌ని నమ్మొద్దు, ఓడ టైమ్ ఏంటో అడిగి ఒక మామూలు చేతి గడియారానికి పెట్టుకోండి. ఇటలీ స్పెయిన్ ఫ్రాన్స్ ఒకటే టైమ్ కాబట్టి మీ రూట్లో ఇబ్బంది లేదు, గ్రీస్ వైపు వెళ్ళేవాళ్ళకి మాత్రం గంట తేడా వస్తుంది, కొన్ని ఓడలు గడియారం మారుస్తాయి కొన్ని మార్చవు.

గోదారిగట్టు:
వెనక నుంచి లెక్క అన్నది మా ఆవిడకి చదివి వినిపించాను, కొంచెం మెత్తబడింది :) పాస్‌పోర్టులు ఓడలోనే ఉంచేస్తారంటగా, మరి బయటికి వెళ్ళేటప్పుడు? వీసా సంగతి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

డల్లాస్_చిన్నోడు:
వీసా నేను చెప్తా, మా అత్తమామలకి ఈమధ్యే చేయించాం. షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికి వెయ్యాలి, సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, వీసా సెంటర్ ఛార్జీలు దానికి అదనం. మీ రూట్లో అన్నీ షెంగెన్ దేశాలే గానీ అప్లికేషన్లో మల్టిపుల్ ఎంట్రీనే అడగండి, రూట్ మారి మధ్యలో టర్కీయో మాంటెనెగ్రోలో కోటోర్ లాంటిదో తగిలితే సింగిల్ ఎంట్రీతో మళ్ళీ లోపలికి రాలేరు. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లోనే ఉంది, దాంతో డుబ్రోవ్నిక్ వెళ్ళేవాళ్ళకి ఆ తలనొప్పి పోయింది.

పాస్‌పోర్ట్ కొన్ని ఓడలు తీసుకుని పెట్టుకుంటాయి, కొన్ని మన దగ్గరే ఉంచుతాయి. ఏదైనా సరే పాస్‌పోర్ట్, వీసా పేజీ కలర్ జిరాక్స్ ఒకటి జేబులో, ఫోటో ఒకటి ఫోన్లో. ఓడ కార్డు మాత్రం ప్రాణం లెక్క, అది లేకపోతే పోర్టు గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ రోజు షీట్ మీద పోర్ట్ ఏజెంట్ (ఆ ఊళ్ళో ఓడ తరఫున పనులు చూసే మనిషి) నంబర్ ఉంటుంది చూడండి, దిగే ముందు దాన్ని ఫోటో తీసుకోండి. ఏదైనా అయితే ఫోన్ చేయాల్సింది ఆయనకే.

ఫోన్ గురించి కూడా, ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసేయండి, సముద్రంలో దొరికే ఓడ నెట్‌వర్క్ పట్టుకుందంటే బిల్లు వాచిపోతుంది. యూరప్ మొత్తానికి పనిచేసే ఈసిమ్ ఒకటి కొనుక్కుంటే ఇటలీలో ఫ్రాన్స్‌లో మార్చక్కర్లేదు.

అమ్మకుతోడు:
మేం మా అమ్మతో ఇదే రూట్ చేశాం, అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది కూడా. నేను చెప్పేది ఏంటంటే లివోర్నో రోజున ఫ్లోరెన్స్ మీద ఆశ వదిలేయండి. ఆ పోర్టు సరుకుల ఓడల పోర్టు, లోపల నడవనివ్వరు, షటిల్ ఎక్కి ఊళ్ళోకి రావాలి, అక్కడ్నించి సిటీ బస్సులో లివోర్నో సెంట్రాలె స్టేషన్, అక్కడ్నించి ఫ్లోరెన్స్‌కి గంటన్నర దాకా. మళ్ళీ ఇదంతా వెనక్కి. చేతిలో మిగిలేది నాలుగైదు గంటలు, అందులో క్యూలు. అదే పీసా అయితే లివోర్నో నుంచి ట్రైన్లో పదిహేను ఇరవై నిమిషాలు. పీసా సెంట్రాలెలో దిగితే టవర్ దాకా పాతిక నిమిషాల నడక ఉంటుంది, ఊరు మధ్యలోంచి ఆర్నో నది దాటుకుంటూ, బాగుంటుంది గానీ మోకాళ్ళకి కష్టం అనుకుంటే పీసా శాన్ రొస్సోరె అనే చిన్న స్టేషన్‌కి టికెట్ తీసుకోండి, టవర్‌కి అదే దగ్గర. అన్ని ట్రైన్లూ అక్కడ ఆగవు, యాప్‌లో చూసుకోండి.

మేం పీసా చూసేసి మధ్యాహ్నానికి లివోర్నో వచ్చేసి ఆ ఊళ్ళోనే తిరిగాం. వెనీజియా నువోవా అని కాలువల పేట ఉంది, పడవలు ఇళ్ళ కింద కట్టేసి ఉంటాయి, టూరిస్టులు తక్కువ. అమ్మకి టవర్ కంటే అదే నచ్చింది.

శుద్ధశాకాహారి:
లివోర్నో పేరు వినగానే వచ్చేశాను. తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి! లివోర్నోలో తోర్తా అని అమ్ముతారు, శనగపిండి నీళ్ళు నూనె ఉప్పు, అంతే, పెద్ద రాగి పళ్ళెంలో పోసి పొయ్యిలో పెడతారు, పైన ఎర్రగా క్రిస్పీగా లోపల మెత్తగా వస్తుంది, మిరియాలు చల్లి ఇస్తారు. బ్రెడ్‌లో పెట్టి ఇచ్చేదాన్ని చింక్వే ఎ చింక్వే అంటారు. గుడ్డు లేదు, పాలు లేవు, మా అత్తగారు ఉల్లిపాయ కూడా ముట్టరు, ఆవిడ రెండు ముక్కలు తిన్నారు. సెంట్రల్ మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో అడగండి. ఈ శనగపిండి ఆ తీరం అంతా ఉంటుందండీ, జెనోవాలో ఫరినాత అంటారు, నీస్‌లో సొక్కా, మీరు వెళ్ళే మార్సెయ్‌లో పానీస్ అని వేయించి ఇస్తారు. శాకాహారులు యూరప్‌లో బ్రెడ్ మీదే బతకాలి అనేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు, గైడ్ టూర్లో అసలు తగలదు, వాళ్ళు తీసుకెళ్ళే రెస్టారెంట్ వేరు.

నేపుల్స్‌లో మరినారా పిజ్జా అడగండి, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అసలు చీజే ఉండదు.

గోదారిగట్టు:
శుద్ధశాకాహారి గారూ మీ మెసేజ్ అమ్మకి పంపాను, ఇప్పుడు ఆవిడ పీసా టవర్ కంటే తోర్తా గురించే ఎక్కువ అడుగుతోంది. లివోర్నో రోజు తేలిపోయింది, పీసా, తర్వాత ఆ ఊరు. నేపుల్స్‌లో పాంపే, అదే అగ్నిపర్వతం పేలి పూడిపోయిన పాత రోమన్ ఊరు, చూడాలని నాన్నగారి కోరిక, అది ఎలా?

పాతనాణేలు:
నేపుల్స్ అంటే నేను గంటలు రాయగలను, కాస్త ఓపిగ్గా చదవండి.

పాంపే సొంతంగా వెళ్ళడం తేలికే. పోర్టు దగ్గర మునిచిపియో స్టేషన్లో మెట్రో లైన్ 1 ఎక్కి గరిబాల్ది, అక్కడ చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ ట్రైన్, సొరెంటో వైపు వెళ్ళేది, పాంపే స్కావి విల్లా దెయ్ మిస్తేరి స్టేషన్లో దిగితే గేటు ఎదురుగానే. ట్రైన్లో ముప్పై అయిదు నలభై నిమిషాలు. ఆ ట్రైన్ బాగా రద్దీ, ఏసీ మీద ఆశ పెట్టుకోవద్దు, బ్యాగులు ముందుకి వేసుకోండి. 2024 నవంబర్ నుంచి పాంపేకి రోజుకి 20,000 మందే అని పరిమితి పెట్టి టికెట్ మీద పేరు కూడా రాస్తున్నారు కాబట్టి ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, పాస్‌పోర్ట్ కాపీ దగ్గర పెట్టుకోండి.

కానీ మీ అమ్మగారి మోకాళ్ళు చూస్తే నేను హెర్క్యులేనియం వెళ్ళమంటాను. పాంపే చాలా పెద్దది, రోడ్లన్నీ ఎత్తుపల్లాల రాళ్ళు, నీడ ఉండదు. హెర్క్యులేనియం అదే ట్రైన్లో సగం దూరం, ఎర్కొలానో స్కావి స్టేషన్. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఈ ఊరు ఇరవై మీటర్ల దాకా బూడిద రాయి కింద పూడిపోయింది, అందుకే మేడ గదులు, మాడి బొగ్గయిన చెక్క తలుపులు, మంచాలు అన్నీ మిగిలాయి. పాంపేలో గోడలు చూస్తాం, ఇక్కడ ఇళ్ళు చూస్తాం. ఒక కొట్టులో అరుగు మీద జాడీలు పెట్టిన గుంటలు అలాగే ఉన్నాయి. ఒకప్పటి సముద్రపు ఒడ్డున పడవల కొట్టాల్లో సుమారు 300 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి, పడవల కోసం ఎదురుచూస్తూ అక్కడే చనిపోయినవాళ్ళు. అక్కడ నిలబడితే మాట రాదు. స్టేషన్ నుంచి సైట్‌కి దిగుడు రోడ్డు, పది నిమిషాలు, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు కాబట్టి అమ్మగారికి ట్యాక్సీ మాట్లాడండి.

మధ్యాహ్నం నేపుల్స్ వచ్చేసి పురావస్తు మ్యూజియం, మెట్రో లైన్ 1లో మ్యుజెయో స్టేషన్, పక్కనే. పాంపేలో దొరికిన మంచి మొజాయిక్‌లు, చిత్రాలు అన్నీ ఇక్కడే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, పాంపే లక్ష్మి అని పిలిచే దంతపు బొమ్మ. జానెడు ఎత్తు, మన దేశంలో చెక్కినది, ఒంటినిండా నగలు, చేతులకి మోచేతుల దాకా గాజులు, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికింది. లక్ష్మి కాదు యక్షి అని చాలామంది పండితులు అంటారు. మన తెలంగాణలో సంగారెడ్డి వైపు కొండాపూర్, పెద్దబంకూరు తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి కదా, ఆ వ్యాపారంలో ఇటు నుంచి అటు వెళ్ళిన వస్తువు కళ్ళముందు ఉంటుంది. మీ నాన్నగారు అక్కడ అరగంట నిలబడతారు, రాసిపెట్టుకోండి. దాన్ని సీక్రెట్ క్యాబినెట్ అనే గదిలో పెడుతుంటారు, ఆ గదిలో మిగతావి శృంగార శిల్పాలు, పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి ముందే చెప్తున్నాను. మంగళవారం మ్యూజియం సెలవు.

వైజాగ్‌అలలు:
నాణేలు గారూ ఇది ఏ గైడూ మాకు చెప్పలేదు. మేం నేపుల్స్‌లో టూర్ బస్సులో పాంపే వెళ్ళొచ్చాం, దారిలో ఒక నగల షాపు దగ్గర ముప్పావుగంట ఆపారు, పాంపేలో ఇచ్చింది రెండు గంటలు.

గోదారిగట్టు:
నాణేలు గారికి రెండు చేతులా దణ్ణం. నాన్నగారు ప్రింట్ తీయించమన్నారు. మాది నేపుల్స్ గురువారం పడింది, మ్యూజియం ఉంటుంది. రోమ్ బుధవారం.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు:
బుధవారమా, చెప్పడం మంచిదయింది. పోప్ రోమ్‌లో ఉంటే బుధవారం పొద్దున సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో జనానికి దర్శనం ఇస్తారు, అది అయ్యేదాకా బసిలికాలోకి మామూలు టూరిస్టుల్ని వదలరు, స్క్వేర్ అంతా కుర్చీలు, బారికేడ్లు. అందుకని తిరగేసి ప్లాన్ చెయ్యి అన్నా. ఓడ దగ్గర షటిల్ ఎక్కి లార్గో దెల్లా పాచే అనే బస్ స్టాప్, అక్కడ్నించి లోకల్ బస్సులో స్టేషన్. రోమ్ రీజనల్ ట్రైన్ ఎక్కి వాటికన్ దగ్గరి శాన్ పియెత్రో స్టేషన్లో దిగకుండా ఇంకొంచెం ముందుకెళ్ళి ఒస్తియెన్సెలో దిగు, పక్కనే పిరమిదె మెట్రో, రెండో స్టాప్ కొలోసియం. కొలోసియం టికెట్లు కూడా పేరు మీదే, టైమ్ స్లాట్‌తో, ముందే బుక్ చెయ్యాలి, పైకి వెళ్ళడానికి లిఫ్ట్ ఉంది అమ్మగారికి. తర్వాత ట్యాక్సీలో వాటికన్ వచ్చేయండి, అప్పటికి జనం పలచబడతారు, బసిలికాకి టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ ఉంటుంది, భుజాలు మోకాళ్ళు కప్పి ఉండాలి, అమ్మగారి చీర అయితే ఏ ఇబ్బందీ లేదు. క్యూ మరీ పొడుగ్గా ఉంటే బయట నుంచే చూసి బయల్దేరడమే, ట్రైన్ టైమ్ మాత్రం జరపొద్దు. అక్కడ్నించి నడిచి శాన్ పియెత్రో స్టేషన్ పది పదిహేను నిమిషాలు. తిరుగు ట్రైన్ రోమ్ మెయిన్ స్టేషన్ తెర్మినిలో బయల్దేరి ఒస్తియెన్సె మీదుగా శాన్ పియెత్రోకే వస్తుంది కాబట్టి సిటీ అంతా వెనక్కి వెళ్ళక్కర్లేదు. తెర్మినిలో ఎక్కినవాళ్ళతో సీట్లు నిండి ఉంటాయి, అదొక్కటే.

టికెట్ కాగితం అయితే ప్లాట్‌ఫామ్ మీద మెషిన్లో పెట్టి ముద్ర వేయించాలి, లేదంటే టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు. స్టేషన్లో మెషిన్ దగ్గర హెల్ప్ చేస్తాం అని వచ్చేవాళ్ళని దగ్గరికి రానివ్వద్దు. వాటికన్ మ్యూజియం, సిస్టీన్ చాపెల్ ఈ ఒక్కరోజులో పెట్టుకోవద్దు, కుదరదు.

వైజాగ్‌అలలు:
ఇంత వివరంగా ఉంటే నేను కాదనను. కానీ ఆ రోజు పొద్దున అమ్మగారికి ఒంట్లో బాగాలేకపోయినా, వాన పడినా పంతానికి పోకండి. ఓడ వాళ్ళు గైడ్ లేకుండా ఉత్త బస్సు మాత్రమే ఇచ్చే ట్రాన్స్‌ఫర్ కూడా అమ్ముతారు, రోమ్‌లో దింపి సాయంత్రం ఎక్కించుకుంటారు, టూర్ కంటే చాలా తక్కువ, అది లేటయితే ఓడ వాళ్ళదే బాధ్యత. కాకపోతే వాళ్ళు దింపినచోటే మళ్ళీ ఎక్కాలి. సీట్లు మిగిలితే ముందురోజు రాత్రి దాకా అమ్ముతారు కాబట్టి మనసు మార్చుకునే అవకాశం ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఓడ మిస్సయితే ఖర్చు ఇస్తారా లేదా కూడా చదివి తీసుకోండి.

సంద్రంపిల్ల:
మధ్యలో దూరుతున్నాను సారీ, మేం గ్రీస్ వైపు వెళ్తున్నాం, పిరేయస్ (ఏథెన్స్ పోర్టు), సాంతోరిని ద్వీపం. ఇదే పద్ధతి పనికొస్తుందా?

డల్లాస్_చిన్నోడు:
పిరేయస్ చాలా ఈజీ సంద్రంపిల్ల గారూ, 2022 నుంచి మెట్రో లైన్ 3 కూడా పిరేయస్ దాకా వచ్చింది, పాత లైన్ 1 ఎలాగూ ఉంది, రెండూ ఏథెన్స్ మధ్యలో ఉన్న మొనాస్తిరాకి స్టేషన్‌కి వెళ్తాయి. అక్రోపోలిస్‌కి (ఏథెన్స్‌లో కొండ మీది పాత గుళ్ళు) టైమ్ స్లాట్ టికెట్, 2025 నుంచి 30 యూరోలు చేశారు. పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి, ఎండలు ముదిరితే మధ్యాహ్నం పూట మూసేసిన రోజులున్నాయి.

సాంతోరిని వేరే కథ. ఓడ నడిసముద్రంలో ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకి, అక్కడ్నించి కొండ మీద ఫిరా ఊరికి కేబుల్ కార్ లేదా 580కి పైగా మెట్లు లేదా గాడిదలు. ఆ గాడిదల్ని ఎక్కకండి దయచేసి, ఎండలో మనుషుల్ని మోసి మోసి వాటి వీపులు చూస్తే ఏడుపొస్తుంది. నాలుగైదు ఓడలు ఒకేసారి వస్తే కేబుల్ కార్ క్యూ గంటలు పడుతుంది, ముఖ్యంగా సాయంత్రం దిగేటప్పుడు. అందుకని చివరి పడవకి రెండు గంటల ముందే వచ్చి లైన్లో నిలబడాలి. ఫిరా నుంచి ఓయా అనే ఊరికి ప్రభుత్వ బస్సు తక్కువలో వెళ్తుంది. 2025 జులై నుంచి సీజన్లో సాంతోరిని, మైకొనోస్‌లలో దిగే క్రూజ్ వాళ్ళకి తలకి 20 యూరోల ఫీజు పెట్టారు, అది ఓడ బిల్లులో కలుపుతారు.

అమ్మకుతోడు:
గట్టు గారూ మార్సెయ్ మిగిలిపోయింది మీకు. షటిల్ దిగాక వ్యూ పోర్ (పాత రేవు) దాకా వచ్చేయండి, పొద్దున్నే అయితే చేపల మార్కెట్ ఉంటుంది. అక్కడ్నించి 60 నంబర్ బస్సు ఎక్కితే నోత్ర్ దామ్ దె లా గార్ద్ చర్చి ఉన్న కొండ మీద దింపుతుంది, అమ్మగారు ఎక్కక్కర్లేదు. ఇంకా కొన్ని మెట్లుంటాయి, లోపల లిఫ్ట్ ఉందేమో అడగండి. పైన గాలి విపరీతంగా ఉంటుంది, చెవులకి ఏదైనా కట్టుకోమనండి.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. ఫైనల్‌గా మార్సెయ్ బస్సులో, లివోర్నోలో పీసా, రోమ్ ఒస్తియెన్సె వైపు నుంచి తిరగేసి, నేపుల్స్‌లో హెర్క్యులేనియం, మ్యూజియం. అలలు గారు చెప్పిన ట్రాన్స్‌ఫర్ బస్సు రోమ్ రోజుకి స్టాండ్‌బైగా పెట్టుకుంటున్నాం. బార్సిలోనాకి ఒకరోజు ముందే వెళ్తున్నాం కూడా. ఒక్క డౌట్, ఇటలీలో ట్రైన్ స్ట్రైకులు ఎక్కువంటారుగా, ఆ రోజే పడితే?

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు:
స్ట్రైక్ ముందే ప్రకటిస్తారు, షోపెరో (sciopero, ఇటాలియన్‌లో స్ట్రైక్) అనే మాట పెట్టి ఆ తేదీతో వెతుకు, వారం ముందు నుంచి రోజూ చూస్తుండు. పనిరోజుల్లో స్ట్రైక్ ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజనల్ ట్రైన్లు గ్యారంటీగా నడపాలి, కానీ సాయంత్రం 6 మీకు పనికిరాదు, అప్పటికి ఓడ ఎక్కేసి ఉండాలి. కాబట్టి బుధవారం స్ట్రైక్ అని తెలిస్తే మంగళవారం రాత్రే వెళ్ళి ఆ ట్రాన్స్‌ఫర్ బస్సు నాలుగు సీట్లు కొనేయి. నేపుల్స్‌లో చిర్కుమ్‌వెసువియానా వేరే కంపెనీది, దాని స్ట్రైకులు వేరేగా ఉంటాయి, అది పడితే హెర్క్యులేనియంకి ట్యాక్సీ మాట్లాడుకోండి, దగ్గరే.